మడిచి చూశాకే కత్తిరించాలి

హ్యాములు, అంటే అభిరుచిగా సొంత రేడియో కేంద్రం నడిపేవాళ్లు, సెట్టును డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. జపాన్‌లో తయారైన సెట్టు హైదరాబాదులో ఎలా పనిచేస్తుందో అమలాపురంలోనూ అలాగే పనిచేస్తుంది. పెట్టె విప్పి కరెంటు ఇస్తే చాలు. యాంటెన్నా సంగతి అలా ఉండదు. ఏ డాబా మీద కట్టాం, ఎంత ఎత్తున కట్టాం, కింద తడి నేల ఉందా రాతి నేల ఉందా, నీళ్ల ట్యాంకు నిచ్చెన ఎంత దూరంలో ఉంది, స్లాబులో ఇనుప చువ్వలు ఎలా పరుచుకున్నాయి అన్నవన్నీ కలిసి దాని గుణాన్ని తేలుస్తాయి. కోనసీమ బంకమట్టి మీద కట్టిన తీగకూ నల్లగొండ రాళ్ల మీద అదే ఎత్తున, అదే కొలతతో కట్టిన తీగకూ మీటరు ఒకే అంకె చూపించాలని లేదు. తీగా, అది వేలాడే చోటూ కలిస్తేనే యాంటెన్నా. ఈ మాట ఒప్పుకుంటే, బజారులో రెడీమేడ్ యాంటెన్నాలు దొరుకుతున్నా హ్యాములు తరాలుగా తమ తీగలు తామే కట్టుకుంటూ ఎందుకు వస్తున్నారో బోధపడుతుంది. బయటివాళ్లు దీన్ని పొదుపు అనుకుంటారు. మొదట్లో పొదుపే అయి ఉండవచ్చు. కానీ ఆ అలవాటు నిలిచిపోయిన కారణం వేరు. ఈ పనిలో ఆఖరి సగం ఏ ఫ్యాక్టరీ చేసిపెట్టలేనిది. ఆ డాబా మీద, ఆ ఇంటివాళ్లే చేసుకోవాలి.

లెక్క చిన్నదే. రేడియో తరంగం సెకనుకు 30 కోట్ల మీటర్లు పోతుంది గనక, 300ను మెగాహెర్ట్జ్‌లలో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. అందులో సగం పొడవున్న తీగను నడిమికి తెంచి, తెంచిన చోట సెట్టు నుంచి వచ్చే కేబుల్ కలిపితే డైపోల్ అవుతుంది. అయితే తీగ కొసల దగ్గర విద్యుత్ క్షేత్రం కాస్త బయటికి పొంగుతుంది. దానివల్ల తీగ తన అసలు పొడవుకన్నా ఎక్కువ ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. అందుకని 150కి బదులు 143ను తీసుకుని భాగించడం ఆనవాయితీ. మన దేశంలో హ్యాములకు ఇచ్చిన 40 మీటర్ల బ్యాండు 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. నడిమిన 7.1కి లెక్క కడితే మొత్తం 20.1 మీటర్లు, అంటే ఒక్కో చేయి పది మీటర్ల పైచిలుకు. 20 మీటర్ల బ్యాండుకు 14.15 దగ్గర ఒక్కో చేయి 5.05 మీటర్లు, 10 మీటర్ల బ్యాండుకు 28.5 దగ్గర రెండున్నర మీటర్లు. ఎలక్ట్రికల్ షాపులో ఇంటి వైరింగు కోసం అమ్మే 1.5 స్క్వేర్ ఎంఎం వైరు 90 మీటర్ల చుట్ట ఒకటి తెచ్చుకుంటే ఈ మూడింటికీ సరిపోయి సగానికి పైగా మిగిలిపోతుంది. వైరు మీద పీవీసీ తొడుగు ఉంటే తరంగం తీగ వెంట కాస్త నెమ్మదిస్తుంది, కాబట్టి చివరికి లెక్కకన్నా రెండు మూడు శాతం తక్కువ పొడవే సరిపోతుంది. ఆ రెండా మూడా అన్నది కాగితం మీద తేలదు.

ఒకే యాంటెన్నాతో అనేక బ్యాండ్లు పట్టుకోవడానికి దారులు చాలా ఉన్నాయి. లోరెన్ విండమ్ 1929లో కేబుల్‌ను నడిమికి కాక ఒక పక్కకు జరిపి కలిపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. లూయీ వార్నీ 1946లో రూపొందించిన జీ5ఆర్‌వీ, 31 మీటర్ల తీగకు నిచ్చెనలాంటి జంట తీగ వేలాడదీసి పనిచేయిస్తుంది. తీగ మధ్యలో కాయిలు, కెపాసిటరు కలిపిన ట్రాపులు పెట్టి, ఫ్రీక్వెన్సీని బట్టి తీగను తనంతట తనే పొట్టి చేసుకునేలా కట్టేవారూ ఉన్నారు. నేర్చుకునేవాళ్లకు మాత్రం ఫ్యాన్ డైపోల్‌ను మించినది లేదని నా అభిప్రాయం. ఒకే కేబుల్ కొసకు మూడు జతల తీగలు, విసనకర్ర పుల్లల్లా, ఒక్కో బ్యాండుకు ఒక్కో జత. నీరు పల్లమెరుగు అన్నట్టు, సెట్టు పంపిన శక్తి ఆ ఫ్రీక్వెన్సీకి తేలిగ్గా దారి ఇచ్చే జతలోకే పోతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఐదు మీటర్ల చేతులు మరీ పొట్టివి, కరెంటును లోపలికి రానివ్వవు. 14 దగ్గర పది మీటర్ల చేతులు కలిసి పూర్తి తరంగం పొడవు అవుతాయి, అప్పుడు వాటి నడిమి బిందువు దగ్గర ఇంపీడెన్స్, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు, వేల ఓములకు పెరుగుతుంది. 28 దగ్గర ఈ రెండు జతలూ తలుపు మూస్తాయి, రెండున్నర మీటర్ల జత ఒక్కటే తెరుస్తుంది. స్విచ్చు లేదు, కాయిలు లేదు. తీగ పొడవే స్విచ్చు పని చేస్తుంది. ఏ తీగ ఏ పని చేస్తోందో కంటికి కనబడుతుంది గనక, తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో వెదకడమూ సులువు.

కట్టడంలో మెలకువలన్నీ గాలి, ఎండ, వాన నేర్పినవే. నడుమ ఒక గట్టి ప్లాస్టిక్ పలకో పీవీసీ పైపు ముక్కో ఉండాలి. తీగల బరువు ఆ పలక మోయాలి గానీ టాంకం మోయకూడదు. టాంకం పట్టు కరెంటుకు, ముడి పట్టు బరువుకు. ఈ రెంటినీ కలిపేసిన యాంటెన్నా మొదటి ఈదురుగాలికే తెగుతుంది. కేబుల్ పై కొసలోంచి నీరు దిగితే లోపలి రాగి అల్లిక నల్లబడి, బయటికి ఏమీ కనబడకుండానే యాంటెన్నా చచ్చిపోతుంది. అందుకే అతుకు చుట్టూ రబ్బరు టేపు చుట్టి, పైన ఎం-సీల్ పట్టించి, కేబుల్‌ను ఒక వంపు తిప్పి దించుతారు. జారిన నీరు ఆ వంపు అడుగున బొట్టుబొట్టుగా రాలిపోతుంది. నడిమి గడగా కోస్తాలో సరుగుడు బాదు, మరోచోట వెదురు, పట్నంలో జీఐ పైపు. ఆ గడ పది మీటర్ల ఎత్తున నిలబడి, చేతుల నడుమ 120 డిగ్రీల కోణం ఉండేలా కొసలు కిందికి దించితే, తలకిందులైన వీ ఆకారం వస్తుంది. కొసలు ఐదు మీటర్ల ఎత్తున ఆగుతాయి, మొత్తం చోటు పదిహేడున్నర మీటర్లు పడుతుంది. తీగను సాపుగా చాచి కట్టినప్పుడు 73 ఓములకు చేరువలో ఉండే ఇంపీడెన్స్ ఇలా వంచినప్పుడు 50 వైపు దిగుతుంది, సెట్టు కోరేదీ 50నే. కోణం 90 కన్నా తగ్గితే రెండు చేతులూ ఒకదాని పనిని ఒకటి చెరుపుకుంటాయి. కొసలు పిట్టగోడకు నైలాను తాడుతో కట్టవచ్చు గానీ చేతికి అందేలా ఉండకూడదు. ప్రసారం నడిచేటప్పుడు ఆ కొసల దగ్గర వందల వోల్టులు ఉంటాయి. కరెంటు లైన్ల దగ్గర మాత్రం మెలకువలు పనికిరావు. తీగ తెగినా, గడ ఒరిగినా లైనును తాకే అవకాశం రవ్వంత ఉన్నచోట యాంటెన్నా కట్టనే కూడదు.

ఇక అసలు పని. ట్యూనింగ్ అంటే తీగ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అనునాదం పొందుతోందో కనుక్కుని, దాన్ని మనం కోరిన చోటికి జరపడం. ఒకప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు ఒక్కటే ఆధారం. పంపిన శక్తిలో ఎంత వెనక్కి వస్తోందో అది చెబుతుంది. అంకె 1.5 అయితే నాలుగు శాతం, 2 అయితే పదకొండు శాతం, 3 అయితే నాలుగో వంతు వెనక్కి తిరుగుతుంది. ఇప్పుడు అరచేతిలో ఇమిడే నానోవీఎన్‌ఏ అందుబాటులోకి వచ్చి, బ్యాండంతా ఒక్కసారిగా తెర మీద గీత గీసి చూపిస్తోంది. గీతలో లోయ ఎక్కడుందో అక్కడ తీగ పాడుతోందన్నమాట. తీగలను లెక్కకన్నా ముప్పై నలభై సెంటీమీటర్లు ఎక్కువే ఉంచి గడ ఎత్తాలి. ఒక్కో చేయి 10.4 మీటర్లు ఉండగా లోయ 6.85 దగ్గర కనబడిందనుకుందాం. 10.4ను 6.85తో గుణించి 7.1తో భాగిస్తే 10.03 వస్తుంది, కనుక ఒక్కో పక్క 37 సెంటీమీటర్లు తగ్గించాలి. ఇక్కడ చెయ్యి కత్తెర వైపు పోకూడదు. ఆ 37 సెంటీమీటర్లను వెనక్కి మడిచి, అదే తీగకు దగ్గరగా చుట్టి, మళ్లీ గడ ఎత్తి కొలవాలి. మడత కూడా దాదాపు కత్తిరించినట్టే పనిచేస్తుంది, కావాలంటే విప్పుకోవచ్చు. కత్తిరించిన ముక్కను అతకడం కుదురుతుంది గానీ, గాలిలో ఊగే తీగకు ప్రతి అతుకూ ఒక బలహీనతే.

గడ దించడం, మడవడం, ఎత్తడం, కొలవడం. ఇది విసుగు పుట్టించే పనిలా కనబడుతుంది. కానీ ఈ నాలుగు మెట్లలోనే ఈ విద్య అంతా ఉంది. ఎందుకంటే ఒక జతను కదిలిస్తే మిగతావి ఊరుకోవు. అందుకే ముందు పొడవైన 40 మీటర్ల జతను, తర్వాత 20ని, చివర 10ని సరిచేసి, మళ్లీ మొదటికి వచ్చి చూడాలి. పొట్టి తీగ పొడవు తీగకు మరీ దగ్గరగా ఉంటే లెక్క చెప్పినదానికన్నా ఎక్కువ పొడవు అడుగుతుంది, దాని లోయ కూడా ఇరుకవుతుంది. కొసలను ఒక మూర దూరం విడదీసి కడితే తేరుకుంటుంది. ఒక సెంటీమీటరు విలువ కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. 40 మీటర్ల జతలో ఒక్కో పక్క ఒక సెంటీమీటరు మడిస్తే లోయ 7 కిలోహెర్ట్జ్ జరుగుతుంది, 10 మీటర్ల జతలో అదే సెంటీమీటరు నూరు కిలోహెర్ట్జ్ దాటిస్తుంది. అక్కడ మూరతో కొలిచి, ఇక్కడ వేలితో కొలవాలి. ఇవేవీ పుస్తకం చదివితే చేతికి రావు.

15 మీటర్ల బ్యాండు గురించి ఒక చిక్కుముడి చెప్పుకోవాలి. 7ను మూడుతో గుణిస్తే 21 కదా, 40 మీటర్ల తీగ 15 మీటర్లకూ పనికొస్తుందని అందరూ అంటారు. మాట నిజమే, కానీ పూర్తి నిజం కాదు. మూడు అర్ధతరంగాలు ఒకే తీగ మీద నిలిచినప్పుడు కొసల పొంగు రెండు చివరలకే ఉంటుంది, నడిమి అర్ధతరంగానికి ఉండదు. అందువల్ల 7.1 దగ్గర సరిపోయిన తీగ 21.3 దగ్గర కాక ఇంకా పైన, బ్యాండు హద్దు 21.45ను దాటి అనునాదం పొందుతుంది. దీనికి పాత హ్యాములు కనిపెట్టిన విరుగుడు చక్కనిది. నడిమి నుంచి సుమారు మూడున్నర మీటర్ల దూరంలో, 21 మెగాహెర్ట్జ్ దగ్గర వోల్టేజి పతాకస్థాయిలో ఉండే చోట, ఒక్కో చేతికి చిన్న తీగ చుట్టునో జానెడు తోకనో వేలాడదీస్తారు. అది 21 దగ్గర లోయను గట్టిగా కిందికి లాగుతుంది, 7 దగ్గర దాని ప్రభావం కొద్దిగానే ఉంటుంది. తీగ మీద వోల్టేజి ఎక్కడ పెరుగుతుందో ఎక్కడ తగ్గుతుందో మనసులో బొమ్మ కట్టుకున్నవాళ్లకే తట్టే ఉపాయం ఇది.

ఇంత శ్రమ ఎందుకు, సెట్టు పక్కన ఆటోమేటిక్ ట్యూనరు పెట్టుకుంటే ఒక్క బటనుతో అయిపోతుంది కదా అని అడగవచ్చు. ట్యూనరు సెట్టును కాపాడుతుంది, అది మంచిదే. కానీ ట్యూనరు దాటిన తర్వాత కేబుల్‌లో జరిగేది అలాగే జరుగుతుంది. తీగ కాదని తిప్పికొట్టిన శక్తి కేబుల్‌లో ముందుకూ వెనక్కూ తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ కొంత వేడిగా పోతుంది. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు ఉంటే, అన్నీ సరిగా కుదిరినప్పుడే 28 మెగాహెర్ట్జ్ దగ్గర ఐదింట రెండు వంతుల శక్తిని తినేస్తుంది. కుదరనప్పుడు ఇంకా ఎక్కువ. జీ5ఆర్‌వీ తరహాలో నిచ్చెన తీగ వాడేవాళ్లకు ఈ నష్టం చాలా తక్కువ, వారి విషయంలో ట్యూనరును తప్పుపట్టడానికి లేదు. కేబుల్ వాడేవాళ్లకు మాత్రం తీగ దగ్గర చేసిన మరమ్మతే మరమ్మతు. దీనికి ఎదురుగా మరో అభ్యంతరం ఉంది, అది మరింత బలమైనది. ఎస్‌డబ్ల్యూఆర్ బాగుంటే యాంటెన్నా బాగున్నట్టేనా? కాదు. 50 ఓముల నిరోధాన్ని డబ్బాలో పెట్టి కేబుల్ చివర తగిలిస్తే మీటరు నిక్కచ్చిగా 1 చూపిస్తుంది, అది వీధి చివరికి కూడా వినబడదు. నష్టం ఎక్కువున్న కేబుల్ కూడా తిరుగు శక్తిని దారిలోనే మింగేసి అందమైన అంకె చూపిస్తుంది. అందుకని అంకెను నమ్మేముందు పరీక్షించాలి. కొలిచేటప్పుడు కేబుల్‌ను చేత్తో పట్టుకుంటే గీత కదిలిందంటే, కేబుల్ రాగి అల్లిక బయటి వైపు కూడా యాంటెన్నాలో భాగమైపోయిందని అర్థం. కేబుల్‌ను తీగ కలిసే చోటనే ఫెర్రైట్ రింగు చుట్టూ పది పన్నెండు చుట్లు తిప్పితే ఆ అల్లిక మీది కరెంటు ఆగుతుంది. పరికరం గీత గీస్తుంది, ఆ గీతకు కారణం వెదికేది మనిషే. నానోవీఎన్‌ఏ వచ్చాక ఈ విద్యకు పని తగ్గిందనేవాళ్లకు నా జవాబు అదే.

కొన్న యాంటెన్నాలను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. తిరిగే మోటారుతో పెద్ద యాగీ యాంటెన్నా కావలసినవాళ్లు అల్యూమినియం గొట్టాలతో పక్కాగా చేసిన సరుకు కొనుక్కోవడమే మేలు, తుఫాను గాలికి ఆ నాణ్యత అవసరం. అయితే కొన్నదాన్నైనా బిగించాక కొలిచి సరిచేయాల్సిందేనని దానితో వచ్చే పుస్తకమే చెబుతుంది. అపార్టుమెంటు వాళ్లకు పదిహేడు మీటర్ల చోటు దొరకదన్నదీ నిజమే. వారికి ఒక కొస నుంచే శక్తినిచ్చే ఇరవై మీటర్ల తీగ ఉంది. 49:1 ట్రాన్స్‌ఫార్మరు ఒకటి చుట్టుకుంటే 40, 20, 15, 10 మీటర్ల బ్యాండ్లలో అది పనిచేస్తుంది. దాన్నీ మడిచి, కొలిచి, మళ్లీ మడిచే దారిలోనే దారికి తేవాలి. స్వయంగా చేసుకోవడం మన దగ్గర సెట్ల దాకా పాకింది కూడా. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్ఎక్స్ సెట్టు, ఖరీదైన భాగాలు లేకుండా ఎవరైనా టాంకం వేసుకోగలిగే నమూనాగా చాలా దేశాల హ్యాముల బల్లల మీదికి చేరింది. ఇలా తక్కువ శక్తితో పనిచేసే సెట్టు వెనుక తీగ సరిగా లేకపోతే ఏమీ వినబడదు. వంద వాట్లు ఉన్నవాళ్లు కప్పిపుచ్చుకోగలిగే తప్పును ఐదారు వాట్లు ఉన్నవాళ్లు కప్పిపుచ్చుకోలేరు.

చేతిలో ఫోను ఉండగా ఈ తీగలెందుకు అన్న ప్రశ్నకు 2014 అక్టోబరు 12న విశాఖ మీద విరుచుకుపడ్డ హుద్‌హుద్ తుఫాను సగం జవాబు చెప్పింది, కరెంటుతోపాటు సెల్ టవర్లూ మూగబోయాయి. మిగతా సగం 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌లో దొరుకుతుంది. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం హ్యామ్ కేంద్రం నడపడానికి అండమాన్ వెళ్లింది. 26న సునామీ వచ్చేనాటికి యాంటెన్నాలు కట్టి, సరిచేసి ఉన్నాయి గనకనే ఆ కేంద్రం అప్పటికప్పుడు సహాయ సమాచారాల కేంద్రంగా మారింది. విపత్తు వచ్చాక తీగ కొలుస్తూ కూర్చునే తీరిక ఉండదు. ఇక్కడే ఎత్తు గురించి ఒక మాట. 40 మీటర్ల బ్యాండు తీగ ఖండాలు దాటాలంటే ఇరవై మీటర్ల ఎత్తున ఉండాలి, మన డాబాలకు అది అందదు. కానీ ఎనిమిది పది మీటర్ల ఎత్తున కట్టిన తీగ శక్తిని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపుతుంది. అయనావరణం దాన్ని చుట్టుపక్కల మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర తిరిగి కురిపిస్తుంది. పగటివేళ విజయవాడ నుంచి హైదరాబాదును పిలవాలంటే కావలసింది సరిగ్గా ఈ లోపమే. ఎత్తు చాలలేదని చిన్నబుచ్చుకునే హ్యాము, తన తీగ ఎవరికి పనికొస్తుందో ముందు తేల్చుకోవాలి. ఈ పనికి దిగేవాళ్లకు లైసెన్సు తప్పనిసరి, పరీక్ష కూడా ఉంది. వినడం మొదలుపెట్టి, చదువుకుని, ఆ తర్వాత పిలవడం మంచి వరుస.

సరిచేసిన తీగ ఏడాది పొడవునా అలాగే ఉండదు. మెత్తని రాగి తన బరువుకు తానే కొద్దిగా సాగుతుంది. తాడు సడలితే కొసలు నేలకు దగ్గరవుతాయి. వానకు తడిసిన తొడుగు తరంగాన్ని మరికాస్త నెమ్మదింపజేస్తుంది. ఈ మూడూ లోయను కిందికే జరుపుతాయి. అందుకని ఎండాకాలంలో కట్టేవాళ్లు 7.1కి బదులు 7.12 దగ్గర ఆపడం మంచిది, జులై వానల్లో అది తనే నడిమికి దిగుతుంది. ప్రతి జత కొస దగ్గరా ఎన్ని సెంటీమీటర్లు మడిచామో, ఆనాటి లోయ ఎక్కడుందో తేదీతో సహా పుస్తకంలో రాసుకోవాలి. కొత్త తీగ అయితే నెల తర్వాత, పాతదైతే తొలకరికి ముందొకసారి, దసరా దాటాక ఒకసారి గడ దించి, కేబుల్ అతుకు విప్పి చూసి, మళ్లీ కొలవాలి. రెండు వానాకాలాలు గడిచి, అంకెలు ఒకచోట నిలిచాయని పుస్తకం చెప్పాకే మడతలు విప్పి, రెండు వేళ్ల వెడల్పు మిగిల్చి, కత్తెర వేయవచ్చు.